పసుపు కొసలకు నలుపు నిలవాలంటే ముందు రాగి రంగు ఎక్కాలి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. జుట్టు వీపు సగం దాకా ఉంటుంది. ఆరు నెలల కిందట బరంపురంలో బ్లీచ్ చేయించి లేత రంగు వేయించుకున్నాను. ఇప్పుడు మొదట్లో మూడంగుళాలు నల్లగా పెరిగింది, నడుమ నారింజ రంగు, కొసలు ఎండుగడ్డిలా పసుపు. వచ్చే నెలలో అక్క పెళ్లి. పెళ్లివారు పాతపట్నం వాళ్లు. ఆలోగా ఇంట్లోనే నల్లగానో ముదురు బ్రౌన్‌గానో మార్చుకుందామని ‘నేచురల్ బ్లాక్’ డబ్బా కొన్నాను. మా స్నేహితురాలు ఇలాగే నేరుగా వేసుకుంటే పది రోజులకే పాచి రంగు తేలింది. అమ్మమ్మేమో ఇనుప మూకుడులో గోరింటాకు నానబెట్టి పెట్టుకోమంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా ఆ డబ్బా సీలు తీయకండి. వీలైతే షాపులో ఇచ్చి మార్చుకోండి. మీ పని ఇంట్లో అయ్యేదే, కానీ ఆ ఒక్క డబ్బాతో అయ్యేది కాదు.

మీ స్నేహితురాలి జుట్టు పాచి రంగుకు ఎందుకు తిరిగిందో తెలిస్తే మిగతాదంతా సులువు. మన నల్ల జుట్టును బ్లీచ్ చేస్తే దానికి రంగునిచ్చే మెలనిన్ ఒక్కసారిగా పోదు, మెట్టుమెట్టుగా కరుగుతుంది. నలుపు కింద ముదురు ఎరుపు, దాని తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి లేత పసుపు బయటపడతాయి. మీ జుట్టు నడుమ భాగం నారింజ దగ్గర ఆగింది, కొసలు పసుపు దాకా వెళ్లాయి. బ్రౌన్ అన్నది ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిస్తే వచ్చే రంగు. కొసల్లో ఎరుపు మొత్తం పోయి పసుపొక్కటే మిగిలింది. దాని మీద నీలం పాలు ఎక్కువున్న నలుపో, యాష్ బ్రౌనో (బూడిద ఛాయ ఉన్న బ్రౌన్) వేస్తే పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. వేసిన రోజు నల్లగానే కనిపిస్తుంది. బ్లీచ్ అయిన వెంట్రుక పొరలు తెరుచుకుని ఉంటాయి కాబట్టి రంగును ఎంత తొందరగా పీలుస్తుందో అంత తొందరగా వదిలేస్తుంది. నాలుగు తలస్నానాలకు పైనున్న నలుపు పలచబడి కింది పచ్చదనం బయటికొస్తుంది.

కాబట్టి తీసేసిన ఎరుపును ముందు తిరిగి ఎక్కించాలి, ఆ తర్వాతే బ్రౌన్ వేయాలి. పార్లర్ వాళ్లు దీన్నే ఫిల్లింగ్ అంటారు. మీ విషయంలో కలిసొచ్చిందేమిటంటే, మీకు నచ్చని ఆ నడుమ నారింజకు ఫిల్లింగ్ అక్కర్లేదు. బ్రౌన్ నిలబడటానికి కావలసిన అడుగు రంగు అక్కడ ఉండనే ఉంది. పసుపు కొసలకు మాత్రమే రెండు పూతలు.

షేడ్ ఎంచుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ట్యూబు మీద చుక్కకు ముందున్న అంకె ముదురు ఎంతో చెబుతుంది. 1 అంటే నలుపు, 3 ముదురు బ్రౌన్, 4 బ్రౌన్, 5 లేత బ్రౌన్, అలా 10 దాకా పోతే బాగా లేత బ్లాండ్. చుక్క తర్వాతి అంకె ఛాయ. చాలా కంపెనీల్లో .0 అంటే మామూలు, .1 యాష్, .3 బంగారు, .4 రాగి. అన్ని కంపెనీలదీ ఒకటే లెక్క కాదు కాబట్టి అంకెతో పాటు పక్కనున్న పేరు కూడా చదవండి, ‘కాపర్’ అని ఉందా ‘యాష్’ అని ఉందా చూడండి. యాష్ అన్న మాట ఉన్న ట్యూబు దేన్నీ కొసల దగ్గరికి రానీయకండి. 1 నంబరు జోలికి అసలు పోవద్దు. మన సహజమైన జుట్టు నల్లగా కనిపిస్తుందే గాని ఎండలో చూస్తే ముదురు బ్రౌన్ మెరుపు ఉంటుంది. 1 నంబరు నలుపు కొసలకు పట్టిందంటే మొదళ్ల కంటే కొసలు నల్లగా, నిర్జీవంగా, విగ్గు పెట్టినట్టు ఉంటాయి. తర్వాత మనసు మారినా దాన్ని తీయడానికి మళ్లీ బ్లీచే దిక్కు. ముదురు రంగు మీద లేత రంగు డై వేస్తే కింది రంగు పోదు.

బ్లీచ్ అయిన జుట్టు డబ్బా మీది బొమ్మ కంటే ఒక మెట్టు ముదురుగా పడుతుంది. అందుకే కావలసినదానికంటే ఒక మెట్టు లేతది కొనాలి. మీకు ముదురు బ్రౌన్ కావాలి గనుక నడుమ భాగానికి 4.0, కొసలకు 5.0 లేదా 5.3, కొసల ఫిల్లింగ్‌కు 6.4 కాపర్. వీపు సగం దాకా ఒత్తైన జుట్టు అయితే 60 గ్రాముల ట్యూబులు మూడూ ఒక్కొక్కటి చాలు. ఫిల్లింగ్‌కూ కొసలకూ సగం సగమే ఖర్చవుతుంది, మిగిలిన సగాలు తర్వాత పనికొస్తాయి. కిరాణా కొట్లో దొరికే డబ్బాల్లో నలుపు, బర్గండీ తప్ప ఈ అంకెలు సాధారణంగా ఉండవు. పార్లర్ సామాన్లు అమ్మే షాపులో రంగు ట్యూబూ, అందులో కలిపే పెరాక్సైడ్ ద్రవం, అంటే డెవలపరూ విడివిడిగా ఇస్తారు. మీ ఊళ్లో దొరక్కపోతే బరంపురమో, ఈ పక్క శ్రీకాకుళమో వెళ్లేవాళ్లతో తెప్పించుకోండి.

డెవలపర్ 3 శాతానిది అడగండి. సీసా మీద 10 వాల్యూమ్ అని ఉంటుంది. ముదురు రంగు వేయడానికి అంతకు మించి అవసరం లేదు. షాపువాడు 6 శాతం, అంటే 20 వాల్యూమ్, చేతిలో పెట్టి ‘అందరూ ఇదే వాడతారమ్మా’ అంటాడు. తెల్ల వెంట్రుకలకు అది సరైనదే. మీ కొసలకు మాత్రం అనవసరపు దెబ్బ. పైగా అది మీ నల్ల మొదళ్లకు తగిలితే అక్కడ ఎర్రటి ఛాయ లేస్తుంది. 6 శాతానిదే దొరికితే, 50 మి.లీ. డెవలపర్‌కు 50 మి.లీ. ఫిల్టర్ నీళ్లు కలిపితే సుమారు 3 శాతం అవుతుంది. కలిపింది అప్పటికప్పుడు వాడేయాలి. కాస్త జారుడుగా ఉంటుంది, మెడ మీదికి కారకుండా చూసుకోండి.

ఏదీ కలపక ముందు రెండు పరీక్షలు. మొదటిది ఒంటికి. ఈ డైలలో పీపీడీ అనే రసాయనమో దాని చుట్టమో ఉంటుంది. కొందరికి అది పడదు. మొహం వాచి కళ్లు మూసుకుపోయేంత తీవ్రంగా కూడా రావచ్చు. చెవి వెనకో మోచేతి మడతలోనో సబ్బుతో కడిగి, తుడిచి, మీరు వాడబోయే రంగును డబ్బాలోని కాగితంలో చెప్పిన ప్రకారం చుక్కంత రాయండి. 48 గంటలు గమనించండి. దురద, ఎరుపు, బొబ్బ ఏది వచ్చినా ఆ రంగు మీకు కాదు. ఇంతకు ముందు వేసుకున్నాను, ఏమీ కాలేదు అనుకోవద్దు, ఈ అలర్జీ ఎన్నోసారికైనా మొదలవుతుంది. జాతరలో నల్ల మెహందీ పెట్టించుకుని చెయ్యి పొక్కినవాళ్లు హెయిర్ డై ముట్టుకోకపోవడమే మంచిది, అందులోనూ చాలాసార్లు కలిపేది పీపీడీయే.

రెండో పరీక్ష వెంట్రుకకు. కొసల్లోంచి ఒక వెంట్రుక తీసి తడిపి, రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగండి. కొంచెం సాగి మళ్లీ వెనక్కి వస్తే బాగున్నట్టే. జిగురులా సాగి అలాగే ఉండిపోయినా, లాగగానే పుటుక్కున తెగినా ఆ కొసలకు డెవలపర్ ఉన్న రంగు పెట్టకూడదు. అవి కత్తిరించుకోవడమో, డెవలపర్ కలపనక్కర్లేని సెమీ పర్మనెంట్ రంగులు వేసుకోవడమో మార్గం. ముందు కాపర్, కడిగి ఆరాక బ్రౌన్. నాలుగైదు వారాలకోసారి మళ్లీ వేసుకోవాలి, అంతే తేడా.

ఇక అమ్మమ్మ గారి సలహా. ఆవిడ మాటలో సగం చాలా సరైనది. పసుపు కొసలకు గోరింటాకు పెడితే క్యారెట్ రంగు వస్తుంది, ఫిల్లింగ్‌తో మనం తెచ్చేదీ ఇంచుమించు అదే. పీపీడీ పడనివాళ్లకు మేము చెప్పేది కూడా ఈ దారే. అసలైన గోరింటాకు పొడి నానబెట్టి రెండు గంటలు పెట్టుకుని, కడిగి, ఆ మీదట నీలి ఆకు పొడి, అంటే ఇండిగో. ఇండిగోను రాత్రంతా నానబెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పుతో కలిపి పదిహేను నిమిషాలకు తలకు పెట్టేయాలి, ఆలస్యమైతే పస పోతుంది. గంట, గంటన్నర ఉంచి కడిగితే మొదటిరోజు ఆకుపచ్చగా కనిపించి, ఒకటి రెండు రోజుల్లో గాలికి ముదురుతుంది. గోరింటాకు లేకుండా నేరుగా ఇండిగో పెడితే మాత్రం పసుపు జుట్టు నిజంగానే ఆకుపచ్చ అవుతుంది. మీ జుట్టులో బ్లీచ్ అయిన భాగానికి ఒక్కో పొడి 150 గ్రాముల దాకా పడుతుంది.

ఇనుప మూకుడు దగ్గరే పేచీ. గోరింటాకు, టీ డికాక్షన్, ఉసిరి పొడి ఇనుములో నానితే వాటిలోని వగరు పదార్థంతో ఇనుము కలిసి నల్లబడుతుంది, ఆ నలుపు వెంట్రుకకు పడుతుంది. డెవలపర్ జోలికి పోనివాళ్లకు దానితో ఇబ్బంది లేదు. కానీ ఇనుము పట్టిన జుట్టు మీద పెరాక్సైడ్ ఉన్న డై వేస్తే రంగు అనుకున్నట్టు రాదు, జుట్టు వేడెక్కి పాడవ్వచ్చు కూడా. కాబట్టి మూకుడు దారా, ట్యూబు దారా, ఒకటే పట్టుకోండి. ‘కాలీ మెహందీ’ అని అమ్మే పొట్లాలను గోరింటాకు అనుకోవద్దు. వెనకున్న చిన్న అక్షరాలు చదివితే చాలావాటిలో పీపీడీ కనబడుతుంది.

ఇనుము మీ ఇంటి నీళ్లలో కూడా ఉండొచ్చు. బోరు నీళ్లు బకెట్లో రాత్రంతా ఉంచితే అడుగున తుప్పు రంగు మడ్డి పేరుకుంటోందా? తెల్ల టవల్ నాలుగు ఉతుకులకే గోధుమ రంగు తిరుగుతోందా? అయితే మీ కొసలు ఆ ఇనుమును ఆరు నెలలుగా పీలుస్తూనే ఉన్నట్టు. రంగు వేసే ముందురోజు తలస్నానం, వేసిన తర్వాత కడగడం, రెండూ ఫిల్టర్ నీళ్లతో చేయండి. కడగడానికి రెండు బకెట్లు ముందే పట్టి పెట్టుకోండి. తలంతా రంగు వేసే ముందు ఒక చిన్న పాయ పరీక్ష కూడా తప్పదు. మెడ వెనక లోపలి వైపు, పెన్సిలంత పాయ తీసుకుని, కొస దగ్గర ఫిల్లింగ్, ఆ పైన బ్రౌన్, మొత్తం తతంగం దాని మీద జరిపి, ఆరబెట్టి, పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద ఏ రంగైనా బాగానే ఉంటుంది.

అసలు రోజు పెళ్లికి పది, పన్నెండు రోజుల ముందు ఉండాలి. ఎక్కడైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి టైము ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచి నూనె ఆపేయండి. కొబ్బరినూనె దట్టంగా ఉన్నచోట రంగు మచ్చలుగా పడుతుంది. ముందురోజు మామూలు షాంపూతో స్నానం, కండిషనర్ వద్దు. నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక వాజెలిన్ రాయండి. చేతికి గ్లవ్స్. కలిపే గిన్నె ప్లాస్టిక్‌దో గాజుదో పింగాణీదో కావాలి. రాగి, ఇత్తడి గిన్నెలు అస్సలు వద్దు, పెరాక్సైడ్ అందులోనే విరిగిపోతుంది. ఫ్యాన్ ఉన్న గదిలో చేయండి, ఎండలోకి పోవద్దు. ఎండ వేడికి పని తొందరై ఒకచోట ముదురు, ఒకచోట లేత వస్తాయి.

జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి. ఫిల్లింగ్‌కు 6.4 సగం ట్యూబు, 30 గ్రాములు, 3 శాతం డెవలపర్ 45 మి.లీ. మీ ట్యూబు మీద వేరే కొలత రాసి ఉంటే దాన్నే పాటించండి. పసుపుగా ఉన్నంత మేరకే, నారింజ మొదలయ్యే గీత దాకా, ఒక్కో పాయా తీసి బ్రష్‌తో రెండు వైపులా పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వండి. 20 నిమిషాలు. షాంపూ లేకుండా నీళ్లతో కడిగి, టవల్‌తో ఒత్తి, ఆరబెట్టండి. అప్పుడు అద్దంలో చూసుకుంటే కొసలు తోమిన రాగి చెంబులా మెరుస్తుంటాయి. గుండె జారుతుంది. ఇక్కడ ఆగి ఎవరికీ ఫోన్లు చేయకండి, రంగు సరిగ్గా పడిందని అర్థం. ఇంకా ఎక్కడైనా పసుపు పాయలు కనిపిస్తుంటే అక్కడ మాత్రం ఇంకో పది నిమిషాలు పెట్టాలి. పసుపు మిగిలినచోటే రేపు పచ్చదనం తేలుతుంది.

అదే రోజు రెండో పూత. 4.0 ట్యూబు 60 గ్రాములకు 90 మి.లీ. డెవలపర్. మెడ వెనక నుంచి మొదలుపెట్టి నడుమ నారింజ భాగానికంతా పట్టించండి. మొదట్లో పెరిగిన మూడంగుళాల నల్ల జుట్టును వదిలేయండి. దానికి రంగు అక్కర్లేదు. నలుపూ బ్రౌనూ కలిసే గీత మాత్రం తెలియకుండా, చివర్లో బ్రష్‌కు మిగిలిన కాస్త రంగును ఆ గీత మీదుగా అరంగుళం పైకి పలచగా లాగి దువ్వండి. నడుమ భాగం పూర్తయ్యాకే 5.0 సగం ట్యూబు, 45 మి.లీ. డెవలపర్‌తో కలపండి. ముందే కలిపి పెట్టుకుంటే అరగంటలో పస తగ్గిపోతుంది. కొసలకు చివరన పెట్టడానికి కారణం, అవి అన్నిటికంటే ముందు పీల్చుకుంటాయి.

పది నిమిషాలు కాగానే తలంతా కారు నలుపుగా కనిపిస్తుంది. ‘అయ్యో, మరీ నల్లబడుతోంది’ అని పరుగెత్తి కడిగేసేది ఇప్పుడే. ఆ నలుపు పైన ఉన్న పేస్టుది, గాలి తగిలి ముదిరినది. లోపల రంగు ఇంకా కుదురుకుంటూ ఉంటుంది. మధ్యలో కడిగేస్తే సగం కుదిరిన రంగు మొదటి రెండు స్నానాల్లోనే వెళ్లిపోతుంది. కాగితంలో ఎంత రాసి ఉంటే అంత, సాధారణంగా 25 నుంచి 35 నిమిషాలు, కొసలకు పెట్టినప్పటి నుంచి లెక్క వేసుకుని పూర్తిగా ఉంచండి. ముదురు ఎక్కువవుతుందన్న భయానికి మందు టైము తగ్గించడం కాదు, లేత షేడ్ కొనడం. అది మీరు ముందే చేశారు. తల మంటగానీ భరించలేని దురదగానీ వస్తే మాత్రం టైముతో పని లేదు, వెంటనే కడిగేయండి.

నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా చల్లని నీళ్లతో కడిగి, కండిషనర్ పెట్టి ఐదు నిమిషాలు ఉంచి కడిగేయండి. షాంపూ మూడు రోజుల దాకా వద్దు. కలిపి మిగిలిపోయిన రంగును మూత బిగించి దాచకండి, లోపల గ్యాసు పుట్టి సీసా పగులుతుంది. డెవలపర్ కలపని ట్యూబులో మిగిలిందైతే మూత గట్టిగా పెట్టి ఉంచుకోవచ్చు.

తర్వాత వారానికి రెండు తలస్నానాలు చాలు, సల్ఫేట్ లేని షాంపూతో. కుంకుడు రసం ఈ నెల పక్కన పెట్టండి, జిడ్డుతో పాటు రంగునూ లాగుతుంది. నిమ్మరసం రాసి ఎండలో కూర్చోవడం లాంటి చిట్కాలు రంగును మళ్లీ లేతగా చేసేవి. పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు మీ జుట్టును గట్టిగా ముడివేసి గుడ్డ కట్టుకోండి. నలుగులోని పసుపు, పొరలు తెరుచుకున్న వెంట్రుకకు ఇట్టే అంటుతుంది. అక్కకు నలుగు పెడుతూ చెల్లి తల మీద కూడా చేయి తుడవడం మన ఇళ్లలో మామూలే.

రెండు మూడు వారాలకు కొసలు కొంత వెలిసి, ఎర్రటి బ్రౌన్‌గా కనిపిస్తాయి. అది పని చెడిపోయిన గుర్తు కాదు. మిగిలిన 5.0 సగం ట్యూబును అప్పుడు కొసలకు మాత్రమే, మళ్లీ 3 శాతం డెవలపర్‌తో, 20 నిమిషాలు పెట్టండి. ఈ రెండో పూతకు ఫిల్లింగ్ అక్కర్లేదు. వెలిసినది ఎర్రగా కాకుండా పచ్చగానో బూడిదగానో ఉంటే మాత్రం మొదట ఫిల్లింగ్ అంతటా పట్టలేదని లెక్క. అప్పుడు మిగిలిన 6.4 సగంతో ఆ పాయలకు కాపర్ వేసి, ఆ మీదట 5.0 వేయండి.